గడగడా చదివేస్తారు, అర్థం అడిగితే ఆగిపోతారు: లోపం ఎక్కడుందో ఇంట్లోనే కనిపెట్టడం ఎలా?

ఈ ఎపిసోడ్ ఇంట్లో ఐదు నుంచి పదో తరగతి మధ్య చదివే తమ్ముడో, చెల్లో, అక్క కొడుకో ఉన్నవాళ్ళ కోసం. డీఎస్సీకి ప్రిపేర్ అవుతూ సాయంత్రం నలుగురు పిల్లలకి ట్యూషన్ చెప్పుకునేవాళ్ళకి కూడా పనికొస్తుంది. "మావాడికి ఇంగ్లిష్ రావట్లేదన్నా, ఏ బుక్ కొనాలి?" అనే మెసేజ్ నాకు వారంలో రెండు మూడుసార్లైనా వస్తుంది. బుక్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక చిన్న ఆట ఆడదాం.

ఈ వాక్యం చదవండి: "పిమరుడు గొన్నెలో టిమకని డుంపి, సాయంత్రానికి జొరికెకి రెమిచాడు."

ఇప్పుడు ప్రశ్నలు. టిమకని ఎక్కడ డుంపాడు? గొన్నెలో. ఎవరు డుంపారు? పిమరుడు. జొరికెకి ఎప్పుడు రెమిచాడు? సాయంత్రానికి. మూడుకి మూడు మార్కులు వచ్చేశాయి కదా? కానీ ఆ వాక్యానికి అర్థమే లేదు. ఆ మాటలన్నీ నిన్న రాత్రి కూర్చుని నేను కల్పించినవి.

మన పిల్లలు ఇంగ్లిష్ లెసన్ కింద ఆన్సర్లు రాసేది చాలాసార్లు ఇలాగే. ప్రశ్నలో ఉన్న పెద్ద మాటని లెసన్‌లో వెతకడం, అది దొరికిన లైన్ మొత్తం ఎత్తి రాయడం. ఆన్సర్ కరెక్టే కాబట్టి టిక్కు పడుతుంది. టీచర్‌కి అనుమానం రాదు, అమ్మానాన్నలకి రాదు, పిల్లాడికి కూడా రాదు. ఎనిమిదో తొమ్మిదో తరగతిలో సైన్స్, సోషల్ పుస్తకాలు బరువెక్కాక ఒక్కసారిగా అన్ని సబ్జెక్టుల్లో మార్కులు పడిపోతాయి. అప్పుడు అందరూ "వీడికి చదువు మీద శ్రద్ధ లేదు" అని తేల్చేస్తారు.

అసలు చదవడం అంటే ఏంటి? 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని ఒక ఫార్ములాగా రాశారు. చదివి అర్థం చేసుకోవడం రెండింటి గుణకారం అన్నారు. మొదటిది, అక్షరాలని మాటలుగా పలకగలగడం. రెండోది, ఆ మాటలు చెవిన పడితే అర్థం కావడం. ఇక్కడ కూడిక కాకుండా గుణకారం పెట్టడంలోనే విషయం ఉంది. కూడిక అయితే ఒకటి తక్కువైనా రెండోది కాస్త లాక్కొస్తుంది. గుణకారంలో ఒకటి సున్నా అయితే మొత్తం సున్నా. గడగడా చదివే పిల్లాడికి మొదటిది నూటికి తొంభై ఉండొచ్చు. రెండోది సున్నా అయితే ఆ తొంభైతో ఏం చేసుకుంటాడు?

నేను నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను. కోడ్ పనిచేయకపోతే మొత్తం కోడ్‌ని ఎవరూ తిరగరాయరు, ఏ ఫంక్షన్ దగ్గర తేడా వస్తోందో ముందు చూస్తారు. చదువులో వెనకబడిన పిల్లల దగ్గర మాత్రం మనం దీనికి ఉల్టాగా చేస్తాం. మళ్ళీ ఏబీసీడీ నుంచి మొదలుపెడతాం, లేదంటే లావుపాటి గ్రామర్ పుస్తకం కొనిచ్చేస్తాం. లోపం ఎక్కడుందో చూడం.

చూడటం పెద్ద కష్టం కాదు, ఇరవై నిమిషాలు పడుతుంది. పిల్లాడి క్లాస్ కంటే రెండు మూడు తరగతులు కిందది, తను ఎప్పుడూ చూడని ఇంగ్లిష్ పుస్తకం తీసుకోండి. అందులో ఒకే స్థాయిలో ఉన్న మూడు చిన్న పేరాలు ఎంచుకోండి. మొదటి పేరా తనే పైకి చదవాలి. చదివాక పుస్తకం మూసి "ఏం జరిగిందో తెలుగులో చెప్పు" అనండి. రెండో పేరా మీరు ఇంగ్లిష్‌లో నెమ్మదిగా చదివి వినిపించండి, తను వింటే చాలు. మళ్ళీ అదే ప్రశ్న అడగండి. మూడో పేరాలోని విషయాన్ని మీరే మామూలు తెలుగులో చెప్పి, తిరిగి చెప్పమనండి. మూడుసార్లూ ఒకే పేరా వాడితే తేడా తెలీదు, అందుకే మూడు వేరు వేరు పేరాలు. "వేర్ డిడ్ హి గో" లాంటి ప్రశ్నలు అస్సలు వద్దు, గొన్నె టిమక కథ గుర్తుంది కదా.

చదివితే అర్థం కాలేదు, మీరు చదివి వినిపిస్తే అర్థమైంది అంటే లోపం అక్షరాల దగ్గర ఉంది. విన్నా అర్థం కాలేదు, తెలుగులో చెబితే చక్కగా చెప్పాడు అంటే ఇంగ్లిష్ మాటలు, వాక్యాల దగ్గర ఉంది. తెలుగులో చెప్పినా తికమక పడ్డాడు అంటే ఆ విషయమే తనకి కొత్త. ఇంగ్లిష్‌ని తిట్టి లాభం లేదు.

నేను ఆదివారాలు మా ఏరియాలో కొంతమంది గవర్నమెంట్ హైస్కూల్ పిల్లలకి చదివిస్తుంటాను. వాళ్ళలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరున్నారు, పేరు వద్దు. వాళ్ళమ్మ మిషన్ కుడుతుంది. మొదటి రోజే నాతో అంది: "బాబూ, ఇది టెన్త్ గట్టెక్కితే ఇంటర్‌లో వేస్తాం. తప్పితే మా తమ్ముడు ఉన్నాడు, ఇచ్చేస్తాం." పక్కనే ఆ పిల్ల తల వంచుకుని కూర్చుంది. అంతకుముందు ట్యూషన్‌లో తనకి రోజూ స్పెల్లింగ్ డిక్టేషన్, టెన్సుల చార్ట్ ఇచ్చేవాళ్ళు. నేను ఈ మూడు పేరాల టెస్ట్ పెట్టాను. పైకి చదవడం పర్వాలేదు. విని చెప్పడంలో మాత్రం ఏమీ లేదు. తెలుగులో చెబితే నేను మర్చిపోయిన వివరాలు కూడా కలిపి చెప్పింది. అంటే తనకి బాగానే ఉన్న చోట రెండేళ్ళు రిపేర్ చేశారు, రిపేర్ కావాల్సిన చోట ఎవరూ చెయ్యి పెట్టలేదు.

ఇప్పుడు ఒక్కో లోపం దగ్గర ఏం చేయాలో చూద్దాం.

అక్షరాల దగ్గర ఆగిపోయేవాళ్ళు తక్కువేం లేరు. ప్రథమ్ సంస్థ పల్లెల్లో చేసే అసర్ సర్వేలో పిల్లలకి రెండో తరగతి స్థాయి పాఠం ఇచ్చి వాళ్ళ భాషలో చదివిస్తారు. దేశం మొత్తం మీద ఐదో తరగతి పిల్లల్లో 2018లో 50.5 శాతం మంది దాన్ని చదవగలిగారు. కోవిడ్ తర్వాత 2022లో అది 42.8 శాతానికి పడిపోయింది. ఆ తర్వాత కొంత కోలుకున్నా, ఐదో తరగతికి వచ్చినా రెండో తరగతి పాఠం చదవలేనివాళ్ళు ఇంకా సగం దరిదాపుల్లో ఉన్నారు. ఇదంతా ఇంగ్లిష్ సంగతి కాదు, సొంత భాషలోనే. కాబట్టి పిల్లాడు తెలుగు కూడా తడబడుతూ చదువుతుంటే ముందు తెలుగే సరిచేయండి. గుణింతాలు, ఒత్తులు కష్టమైనా మన లిపిలో ఒక మంచి గుణం ఉంది. ఎలా రాస్తే దాదాపు అలాగే పలుకుతాం. ఒకసారి పట్టు దొరికితే కొత్త మాటైనా చదివేయొచ్చు.

ఇంగ్లిష్‌లో అది కుదరదు. సీ-యూ-టీ కట్ అయితే పీ-యూ-టీ పుట్ ఎందుకయింది అని మనందరం చిన్నప్పుడు అడిగినవాళ్ళమే. ఇక్కడ రెండు పనులు చేయండి. అక్షరం పేరు కాకుండా అక్షరం శబ్దం నేర్పండి. "సీ-ఏ-టీ" అని పలికితే "క్యాట్" రాదు, "క్-యా-ట్" అంటేనే వస్తుంది. తర్వాత మాటల్ని గుంపులుగా ఇవ్వండి: లైట్, నైట్, రైట్, ఫైట్ ఒక గుంపు. నైఫ్, నీ, నాక్ లాంటి మూగ 'కె' మాటలు ఇంకో గుంపు.

ఇంకో అలవాటు గురించి చెప్పాలి. ఇంగ్లిష్ లైన్ పైన పెన్సిల్‌తో తెలుగులో రాసుకుని చదవడం. "ద సన్ రైజెస్ ఇన్ ది ఈస్ట్" అని పైన తెలుగు అక్షరాలుంటే కళ్ళు ఎక్కడికెళ్తాయి? తెలుగు మీదకే. ఏడాదంతా ఇంగ్లిష్ పుస్తకం ముందు పెట్టుకుని తెలుగు చదువుతున్నట్టు. ఒకటి రెండు కష్టమైన మాటలకైతే ఓకే, లైన్ మొత్తం రాసుకుంటే నష్టమే. (ఈ ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఇంగ్లిష్ వాక్యాల్ని తెలుగు లిపిలోనే రాస్తున్నాం, చదివేది మీరు కాబట్టి ఫర్వాలేదు. పిల్లలకి చూపించేటప్పుడు మాత్రం ఇంగ్లిష్‌లోనే రాసి చూపించండి.)

చదవడం వచ్చు కానీ నత్తనడక అంటే దానికి వేరే మందు. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతాడు. ఫోన్‌లో ర్యామ్ నిండిపోతే యాప్ హ్యాంగ్ అయినట్టు, బుర్ర మొత్తం అక్షరాలకే ఖర్చయిపోయి అర్థానికి చోటుండదు. వంద మాటల పేరా ఒకటి తీసుకుని, వరసగా మూడు నాలుగుసార్లు చదివించండి. ముందు మీరు చదివి వినిపించండి, తర్వాత ఇద్దరూ కలిసి, తర్వాత తనొక్కడే. ప్రతిసారీ ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. టైమ్ తగ్గుతుంటే పిల్లల మొహాలు చూడాలి మీరు! దీన్ని రిపీటెడ్ రీడింగ్ అంటారు. జే శామ్యూల్స్ అనే పరిశోధకుడు 1979లోనే దీని గురించి రాశారు. పాత పద్ధతే, ఖర్చు కూడా సున్నా.

మాటల సంగతికి వద్దాం. అందరి దగ్గరా మీనింగ్స్ నోట్‌బుక్ ఉంటుంది. లెసన్‌కి ఇరవై మాటలు, ఎడమ పక్క ఇంగ్లిష్, కుడి పక్క తెలుగు. ఆదివారం బట్టీ, సోమవారం టెస్ట్, మంగళవారానికి ఖాళీ. ఇందులో ఉన్న మొదటి చిక్కు ఏంటంటే ఒక మాటకి ఒకే అర్థం రాస్తారు. 'ఫెయిర్' అంటే జాతర అని రాసుకున్న పిల్లాడు "ద అంపైర్ వాజ్ ఫెయిర్" దగ్గర అంపైర్‌ని జాతరకి పంపేస్తాడు. రెండో చిక్కు, ఏ మాటలు ఎంచుకోవాలో ఎవరూ ఆలోచించరు. ఇసబెల్ బెక్, ఆమె సహచరులు మాటల్ని మూడు అంచెలుగా విడదీశారు. కుక్క, నీళ్ళు, పరుగు లాంటి రోజువారీ మాటలు మొదటి అంచె. ఇవి ఎలాగో వచ్చేస్తాయి. ఐసోటోప్, పెనిన్సులా లాంటి సబ్జెక్ట్ మాటలు మూడో అంచె. ఇవి ఆ పాఠంలోనే చెప్తారు. మధ్యలో ఉన్నవే అసలైనవి: రిడ్యూస్, రిక్వైర్, అబ్జర్వ్, కంపేర్, హవెవర్, ఆల్దో. ఇవి సైన్స్‌లో వస్తాయి, సోషల్‌లో వస్తాయి, లెక్కల ప్రశ్నలో కూడా వస్తాయి. కానీ ఇవి ఏ ఒక్క సబ్జెక్ట్‌వీ కాదు కాబట్టి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. మీరు వారానికి ఐదారు మాటలే చెప్పండి, కానీ ఇలాంటివి చెప్పండి.

ఎలా చెప్పాలి? డిక్షనరీ తెలుగుతో వద్దు. 'రిడ్యూస్' అంటే 'న్యూనీకరించుట' అని చెబితే ఇప్పుడు పిల్లాడికి రెండు మాటలు తెలియనట్టు అయింది. "సౌండ్ తగ్గించు అంటాం చూడు, ఆ తగ్గించడం" అంటే చాలు. తర్వాత తన జీవితంలోంచి ఒక వాక్యం చెప్పించండి. మర్నాడు అడగండి, మూడు రోజులకి అడగండి, వారం తర్వాత ఇంకోసారి అడగండి.

మన పిల్లలకి ఇంగ్లిష్ మాటలు తెలియవు అనుకోవడం కూడా తప్పే. బ్యాలెన్స్, రీచార్జ్, రిక్వెస్ట్, బ్లాక్, డిలీట్, అప్‌డేట్, సిగ్నల్, చార్జింగ్... ఐదో తరగతి పిల్లాడి నోట్లో ఇవన్నీ రోజూ ఆడుతూనే ఉంటాయి. 'రీచార్జ్' తెలిసినవాడికి 'రీ' అంటే మళ్ళీ అని చెబితే రీరైట్, రీఫిల్, రీబిల్డ్ ఒకేసారి తెరుచుకుంటాయి. 'ఫెయిర్' న్యాయం అయితే 'అన్‌ఫెయిర్' అన్యాయం. తెలుగులో కూడా ముందు ఒక ముక్క చేరి అర్థం తిరగబడింది కదా, అది చూపించండి, వాళ్ళు కనెక్ట్ అవుతారు. కొన్ని మాటలు మాత్రం మన వాడుకలో వేరే అర్థంలో స్థిరపడిపోయాయి. 'కరెంట్' అంటే మనకి కరెంటే. అందుకే 'కరెంట్ అఫైర్స్' అంటే విద్యుత్ శాఖ వ్యవహారాలు అనుకున్న కుర్రాడు ఒకడు నా దగ్గరే ఉన్నాడు. 'డౌట్' అంటే మనకి ప్రశ్న, ఇంగ్లిష్‌లో అనుమానం. ఇలాంటివి కనిపించినప్పుడల్లా పట్టుకోండి.

ఇక మూడో పేరా దగ్గర, అంటే తెలుగులో చెప్పినా తికమక పడే పిల్లలు. దీని మీద అమెరికాలో 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ ఒక మంచి ప్రయోగం చేశారు. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 64 మందికి ఒక బేస్‌బాల్ మ్యాచ్ గురించిన పాఠం ఇచ్చారు. టెస్టుల ప్రకారం "బాగా చదివేవాళ్ళు" కొందరు, "సరిగా చదవలేనివాళ్ళు" కొందరు. రెండు గుంపుల్లోనూ బేస్‌బాల్ తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు ఉన్నారు. ఫలితం ఏంటంటే, చదవలేనివాళ్ళే అయినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదువుతారని పేరున్నా ఆట తెలియని పిల్లల్ని దాటేశారు. మన దగ్గర క్రికెట్ పెట్టుకుని ఆలోచించండి. "లాస్ట్ ఓవర్, పన్నెండు కావాలి, మొదటి బంతే నోబాల్" అని ఒక్క లైన్ రాస్తే మీ కళ్ళ ముందు సినిమా కనిపిస్తుంది. క్రికెట్ తెలియని మీ అమ్మమ్మకి అదే లైన్ చదివి వినిపించండి, లైన్ తెలుగులోనే ఉన్నా ఏం పట్టుకుంటుంది? అనంతపురం పిల్లాడికి మంచు తుఫాను గురించిన పాఠం సరిగ్గా ఇలాగే ఉంటుంది. పాఠం తెరవకముందు రెండు నిమిషాలు మంచు తుఫాను వీడియో చూపించి, రెండు నిమిషాలు తెలుగులో మాట్లాడండి. ఫోన్ ఉన్నది ఇలాంటి వాటికే.

గ్రామర్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువ టైమ్ పోగొట్టుకునేది ఇక్కడే. నౌన్ అంటే పేరు, వెర్బ్ అంటే పని అని డెఫినిషన్లు, యాక్టివ్‌ని పాసివ్ చేయడం, డైరెక్ట్‌ని ఇండైరెక్ట్ చేయడం. ఇవన్నీ చేయగలిగి కూడా పేరా అర్థం చెప్పలేని పిల్లల్ని నేను చాలామందిని చూశాను. తేడా ఎక్కడొస్తోందో తెలియాలంటే ముందు మన తెలుగు ఎలా పనిచేస్తుందో తెలియాలి. "అతను టీచర్" అంటాం, మధ్యలో 'ఈజ్' లేదు. "నాకు ఇద్దరు అన్నయ్యలు" అంటాం, 'హావ్' లేదు. "బల్ల మీద" అంటాం, ఇంగ్లిష్‌లో 'మీద' ముందొచ్చి బల్ల తర్వాత వస్తుంది. 'ఎ', 'ద' అనేవి మనకి లేనే లేవు. కాబట్టి "హి టీచర్" అని రాసిన పిల్లాడు తెలివితక్కువవాడు కాదు, తెలుగు గ్రామర్‌ని కరెక్ట్‌గా వాడాడు. ఎర్ర ఇంకుతో కొట్టేసే ముందు ఆ మాట చెప్పండి, సగం భయం పోతుంది.

అర్థం చేసుకోవడంలో అన్నిటికంటే పెద్ద దెబ్బ కొట్టేది ఇది: "ద మ్యాన్ హూ సోల్డ్ ద కౌ టు మై అంకుల్ లివ్స్ ఇన్ గుంటూర్." గుంటూరులో ఎవరుంటారు? పదిమంది పిల్లల్ని అడిగితే ఎక్కువమంది "అంకుల్" అంటారు. ఎందుకంటే చివరి ముక్క "మై అంకుల్ లివ్స్ ఇన్ గుంటూర్" అని విడిగా కూడా చక్కటి వాక్యమే. తెలుగులో ఇదే విషయం "మా మావయ్యకి ఆవుని అమ్మిన మనిషి గుంటూరులో ఉంటాడు" అవుతుంది. మనం వివరమంతా ముందు చెప్పేసి, ఆ తర్వాత 'మనిషి' అంటాం. ఇంగ్లిష్ మనిషిని ముందు నిలబెట్టి, వివరం వెనక తగిలిస్తుంది. దీనికి నేను వాడే చిట్కా బొటనవేలు. 'హూ' నుంచి 'అంకుల్' దాకా బొటనవేలితో మూసేయమంటాను. మిగిలింది "ద మ్యాన్ లివ్స్ ఇన్ గుంటూర్". ఇప్పుడు వేలు తీసి, ఏ మనిషో చూసుకోమంటాను. ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి రెండో ఆదివారానికే సోషల్ పుస్తకంలో ఇలాంటి వాక్యాలు తనే వెతికి మూయడం మొదలుపెట్టింది. "అన్నా, ఇందులో రెండున్నాయి" అని చూపించేది.

రెండో దెబ్బ కలిపే మాటలు. "అన్‌లెస్ యు పే ద ఫీ, యు కెనాట్ రైట్ ద ఎగ్జామ్." 'అన్‌లెస్' తెలియని పిల్లాడు దాన్ని వదిలేసి "ఫీజు కట్టు, పరీక్ష రాయలేవు" అని చదువుకుంటాడు. తెలుగులో ఈ పని చేసే ముక్క విడిగా ఉండదు, క్రియ తోకలో ఉంటుంది: "కట్టకపోతే". 'ఆల్దో' కూడా అంతే, "వాన పడినా ఆడారు"లో ఆ చివరి 'నా'. 'సిన్స్' ఒకచోట 'నుంచి', ఇంకోచోట 'కాబట్టి'. తెలుగు తోక పక్కన ఇంగ్లిష్ మాట పెట్టి ఒక పది జతలు గోడకి అంటించండి. నా దృష్టిలో పన్నెండు టెన్సుల చార్ట్ కంటే ఇదే ముందు కావాలి.

రాయడానికైతే చిన్న వాక్యాల్ని కలిపే ఎక్సర్‌సైజ్ ఇవ్వండి. "వాన పడింది. మేము ఆడాం." ఇంగ్లిష్‌లో ఈ రెండు వాక్యాలిచ్చి 'బట్'తో, 'ఆల్దో'తో, 'వెన్'తో ఒకటిగా చేయమనండి. అర్థం ఎలా మారుతోందో అడగండి. 2007లో స్టీవ్ గ్రాహం, డొలొరెస్ పెరిన్ రాయడం నేర్పే పద్ధతుల మీద వచ్చిన పరిశోధనలన్నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఇలా వాక్యాలు కలిపించడం పిల్లల రాతకి మేలు చేసింది. విడిగా గ్రామర్ పాఠాలు చెప్పడం వల్ల మేలు కనిపించలేదు.

ఇక తెలుగు మీడియమా, ఇంగ్లిష్ మీడియమా అనే గొడవ. టీవీలో డిబేట్లు నడుస్తూనే ఉంటాయి, ఈలోపు పిల్లాడు క్లాసులో కూర్చుని ఉన్నాడు కదా, వాడి సంగతేంటి? రెండు రాష్ట్రాల్లోనూ ఇంగ్లిష్ మీడియం వచ్చాక గవర్నమెంట్ స్కూల్ పుస్తకాలు రెండు భాషల్లో ఇస్తున్నారు, ఒక పేజీలో ఇంగ్లిష్, దాని ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. చాలా ఇళ్ళల్లో ఈ రెండో పేజీని ఎవరూ తెరవరు, తెరిస్తే ఏదో తప్పు చేసినట్టు చూస్తారు. నేనైతే ముందు తెలుగు పేజీ చదివిస్తాను, తర్వాత ఇంగ్లిష్ పేజీ. అర్థం ముందే చేతిలో ఉంటే ఇంగ్లిష్ వాక్యంలో ఏ ముక్క ఎక్కడుందో వెతుక్కోవడమే మిగులుతుంది. తెలుగు పేజీలో 'కిరణజన్య సంయోగక్రియ' లాంటిది తగిలితే దాన్ని కూడా విప్పి చెప్పాల్సిందే. కథల కోసం స్టోరీవీవర్ వెబ్‌సైట్ చూడండి. ప్రథమ్ బుక్స్ వాళ్ళది, ఫ్రీ. చాలా కథలు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఉంటాయి, స్థాయిల వారీగా విడదీసి ఉంటాయి. ఫోన్‌లోనే చదివించొచ్చు.

ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ఇంకో పద్ధతి ఉంది. 1984లో అనేమరీ పాలిన్సర్, ఆన్ బ్రౌన్ దీన్ని చదవడం వచ్చి అర్థం చెప్పలేని పిల్లలతోనే చేశారు. పేరా చదివాక పిల్లల్లో ఒకరు టీచర్ అవుతారు. మిగతావాళ్ళని ఒక ప్రశ్న అడగాలి, అర్థం కాని మాట ఎక్కడుందో చెప్పాలి, పేరా మొత్తాన్ని రెండు ముక్కల్లో చెప్పాలి, తర్వాత ఏమొస్తుందో ఊహించాలి. తర్వాతి పేరాకి ఇంకొకరు టీచర్. నేను ఇందులో ఒక మార్పు చేశాను: పేరా ఇంగ్లిష్‌లో, మాటలన్నీ తెలుగులో. మొదటి రెండు వారాలు ఎవరూ నోరు విప్పరు, ఓపిక పట్టండి. మూడో వారం నుంచి ఆపడం కష్టం.

ఇదంతా చేయడానికి బీఈడీ ఉండాలా అని అడుగుతారేమో. ముంబై, వడోదరలో బాల్‌సఖి అని ఒక ప్రోగ్రామ్ నడిచింది. చుట్టుపక్కల ఉండే, స్కూల్ చదువు పూర్తిచేసిన అమ్మాయిలు మూడు నాలుగు తరగతుల్లో వెనకబడ్డ పిల్లల్ని రోజుకి రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి, వాళ్ళు ఉన్న చోటి నుంచి చెప్పారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, ఇంకొందరు కలిసి దాన్ని కొలిచి 2007లో ఫలితాలు ప్రచురించారు. పిల్లల స్కోర్లు స్పష్టంగా పెరిగాయి. వాళ్ళిద్దరికీ 2019లో నోబెల్ వచ్చింది. మీ దగ్గర ఇంటర్ సర్టిఫికెట్, వారానికి మూడు సాయంత్రాలు ఉంటే మొదలుపెట్టొచ్చు.

ఆ అమ్మాయి సంగతి అడుగుతారు కదా. ఎస్ఏ-1లో ఇంగ్లిష్ మార్కులు పెద్దగా కదల్లేదు. సోషల్‌లో, బయాలజీలో కదిలాయి, ఎందుకంటే ప్రశ్న ఏం అడుగుతోందో ఇప్పుడు తెలుస్తోంది. వాళ్ళమ్మకి మార్కుల షీట్ చూపిస్తే ఇంగ్లిష్ గడి దగ్గరే వేలు పెట్టి "ఇదేంటి బాబూ" అంది. మార్చి దాకా టైమ్ అడిగాను. ఇవ్వలేదు అనలేదు, ఇచ్చాను అని కూడా అనలేదు.

చివరగా ఒక జాగ్రత్త. ముందు కళ్ళు చెక్ చేయించండి, బోర్డు సరిగా కనపడక "చదువు రాదు" అనిపించుకున్న పిల్లలు ప్రతి స్కూల్లో ఉంటారు. అన్నీ సరిగా చేసినా, నెలలు గడిచినా అక్షరానికీ శబ్దానికీ లంకె కుదరట్లేదు, తెలుగులోనూ అంతే అంటే అది డిస్లెక్సియా కావచ్చు. క్లినికల్ సైకాలజిస్ట్‌కి చూపించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో దీన్ని కూడా చేర్చారు. సర్టిఫికెట్ ఉంటే పబ్లిక్ పరీక్షల్లో ఎక్కువ టైమ్ లాంటి సదుపాయాలు అడగొచ్చు. కాబట్టి పదో తరగతి వచ్చేదాకా ఆగకండి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో లెక్కల్లో వర్డ్ ప్రాబ్లమ్స్. లెక్క వచ్చినా ప్రశ్న చదవలేక మార్కులు పోగొట్టుకునే పిల్లల గురించి. అప్పటిదాకా ఆ మూడు పేరాల టెస్ట్ మీ ఇంట్లో పెట్టి చూడండి. ఉంటాను, బై.